మునసబు రిజిస్టరులో శివలీల

రామేశ్వరమ్మ కల్లూరులో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో ఆయా. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. పొద్దున్నే తాళం తీసి ఊడ్చడం, నీళ్ళు పట్టడం, ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పిలుచుకు రావడం, అన్నమూ పప్పూ వండి, గుడ్లు ఉడకబెట్టి, ఒక్కొక్కరి నోటికీ అందించడం. పోయిన ఏడాది జూన్‌లో సూపర్‌వైజరు వచ్చి కాగితాలు తిరగేసి, "నీకు అరవై రెండు నిండుతాయి కదమ్మా, డిసెంబరుతో ఆఖరు" అంది.

"నాకు యాడ అరవై రెండు మేడమ్? యాభై ఐదో ఆరో ఉంటాయి."

"ఆధార్‌లో 1963 జనవరి ఒకటి అని ఉంది."

ఆ తేదీ ఎలా వచ్చిందో రామేశ్వరమ్మకు గుర్తే. ఆధార్ తీసే రోజుల్లో స్కూలు వరండాలో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న మనిషి ఆమె నెరిసిన తలకేసి చూసి, "యాభై ఉంటాయా?" అన్నాడు. వెనక నలభై మంది నిలబడి ఉన్నారు. "రాసుకోప్పా" అనేసింది. ఇప్పుడా తేదీ మార్చాలంటే పుట్టినట్టు సర్టిఫికెట్ కావాలి. ఆమె బడి మొహం చూడలేదు. డోన్‌లో ఉన్న కూతురు శివజ్యోతి ఎవరినో కనుక్కుని ఫోన్ చేసింది: పాత రోజుల్లో పల్లెల్లో పుట్టుకలూ చావులూ మునసబు రాసేవాడట, ఆ రిజిస్టర్లన్నీ ఇప్పుడు మండల ఆఫీసులో ఉంటాయట.

ఆ మాట మంచం మీదున్న తండ్రికి చెప్పింది. వీరభద్రప్పకు ఎనభై దాటాయి. ముప్పై ఏళ్ళకు పైగా బేతంచెర్ల గనుల్లో నాపరాళ్ళు తీసిన మనిషి. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, పని చేయలేక, పదహారేళ్ళ కిందట కూతురి దగ్గరికి వచ్చేశాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"నాయనా, నేను ఏ యాడాది పుట్టినా?"

"ఏమో, జ్ఞాపకం లేదు. ఆ పుస్తకాలన్నీ ఇప్పుడెందుకు తిరగేసేది? పని పోతే పాయ."

"పని పోతే ఇద్దరం ఏం తినల్ల?"

ఆయన దగ్గు అందుకున్నాడు. ఆమె నీళ్ళిచ్చి, వీపు నిమిరింది.

తన చిన్నతనం గురించి రామేశ్వరమ్మకు తెలిసింది కొంచెమే. కోడుమూరు దగ్గర ముళ్ళదిన్నె ఊరు. తల్లి పేరు ఉరుకుందమ్మ. తనకు నాలుగేళ్ళప్పుడు కరువొచ్చింది, ఆ ఏడే తల్లి విషజ్వరంతో పోయింది. తను ఒక్కతే బిడ్డ. పెంచింది అవ్వ. తండ్రి బేతంచెర్లకు పోయి, నెలకోసారి బొరుగుల ఉండలు కట్టించుకుని వచ్చేవాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. "పెండ్లాం మీద అంత మనసు ఉండేటోన్ని మేం సూడలేదు" అని ఊళ్ళో ఆడవాళ్ళు అనేవాళ్ళు. ఆ మాట వింటే రామేశ్వరమ్మకు గర్వంగా ఉండేది. లారీకి రాళ్ళెత్తే భర్త ఆమె ముప్పై ఏళ్ళప్పుడే పోయాడు. ఉన్న తండ్రిని పువ్వులా చూసుకుంది.

కోడుమూరు మండల ఆఫీసులో పాత రికార్డులు చూసే బసవరాజ్ నిదానమైన మనిషి. గది తాళం తీసి, ఎర్ర గుడ్డలో కట్టిన రిజిస్టర్లు బల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పితే దుమ్ముతో పాటు చెదలు రాల్చిన పొడి పడింది.

"ఏ యాడాదమ్మా?"

"తెలీదప్పా."

"మరి యాడని వెతికేది? పుట్టినప్పుడు పేరు కూడా రాయరు. ఆడశిశువు, మగశిశువు, అంతే."

"మా యమ్మ సచ్చిపోయినప్పుడు నాకు నాలుగేండ్లంట. అది కరువు యాడాదంట."

"అట్ల చెప్పు. కరువంటే డెబ్బై రెండు, మూడు. సావులకి పేర్లుంటాయి. మీ యమ్మ తేదీ దొరికితే ఆడ నుంచి నాలుగేండ్లు వెనక్కి పోదాం."

వరుస వరుస కింద వేలు పెట్టి చదవసాగాడు. 1973లో ముళ్ళదిన్నెలో చావులు పేజీ దాటి ఉన్నాయి. వాంతులు భేదులు, వాంతులు భేదులు, ముసలితనము, జ్వరము, వాంతులు భేదులు. మే నెల దగ్గర వేలు ఆగింది.

"మీ నాయన పేరేందన్నావమ్మా?"

"వీరభద్రప్ప."

"జ్వరమన్నావు కదా మీ యమ్మకి?"

"ఊ. విషజ్వరం. ఏం రాసినారప్పా? చదువు. నాకు అచ్చరం రాదు."

బసవరాజ్ గొంతు తగ్గించి చదివాడు. "వరుస నంబరు తొమ్మిది. మే పదహారు, 1973. ఉరుకుందమ్మ, భర్త వీరభద్రప్ప. వయస్సు ఇరవై రెండు. మరణ కారణము, బావిలో పడి." కింది వరుసకు వచ్చాడు. "పది. అదే తేదీ. శివలీల, తండ్రి వీరభద్రప్ప. వయస్సు ఒకటిన్నర. బావిలో పడి."

"రెండోది మాది కాదు. నేను ఒక్కదాన్నే మా యమ్మకి."

"పక్కన రాసినాడమ్మా మునసబు. 'పై మృతురాలి కూతురు' అని."

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. బసవరాజ్ స్టూలు జరిపాడు. టీ తెప్పించాడు. తర్వాత ఆమె అడగకుండానే మిగతావీ వెతికాడు. 1969 జూలై రెండు, ఆడశిశువు, తల్లి ఉరుకుందమ్మ. అది రామేశ్వరమ్మ. 1971 నవంబరు పంతొమ్మిది, ఆడశిశువు, తల్లి ఉరుకుందమ్మ. ఎవరికీ చూపించాల్సిన పని లేకున్నా ఆ రెండోది కూడా చదివి వినిపించాడు.

"నీ సర్టిఫికెట్‌కి దారి దొరికిందమ్మా. అర్జీ నేను రాస్తా, వేలిముద్ర వెయ్యి."

ఆమె వేలిముద్ర వేసింది. ఇంటికి పోవాల్సిన మనిషి ముళ్ళదిన్నె ఆటో ఎక్కింది.

ఊళ్ళో ఆమెకు మిగిలిన మనిషి మేనత్త మహాదేవమ్మ ఒక్కతే. వీరభద్రప్పకు చెల్లెలు, అదే ఊళ్ళో ఇచ్చారు. డెబ్బై దాటింది. గడపలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. మేనకోడలిని చూసి మొహం విప్పారింది.

"ఏమ్మే, చెప్పకుండా వచ్చినావు! మీ నాయన బాగుండాడా?"

రామేశ్వరమ్మ కూర్చోలేదు. "అత్తా, శివలీల ఎవరు?"

మహాదేవమ్మ చేతిలో కాయ పగిలి గింజలు నేల మీద పడ్డాయి. ఏరుకోలేదు. "ఎవరు చెప్పినారు?" అంది.

"ఆఫీసు పుస్తకంలో ఉండాది. మా యమ్మ కింద రాసినారు."

"కూచో."

"చెప్పు ముందు."

మహాదేవమ్మ చేటను పక్కకు నెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఏడు వాన చుక్క లేదు. సర్కారు కరువు పని పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా రోడ్డుకు కంకర మోసేవాళ్ళు. సాయంత్రం మేస్త్రీ మనిషికో శేరు జొన్నలు కొలిచేవాడు. ఉరుకుందమ్మ శివలీలను రోడ్డు పక్కన గుడ్డ మీద పడుకోబెట్టి, పెద్దదాన్ని కాపలా ఉంచి, తట్ట మోసేది. ఒకరోజు వరసలో ఉరుకుందమ్మ వెనక మహాదేవమ్మ నిలబడింది.

"దాని కొంగులో శేరున్నర పోసినాడు మేస్త్రీ. నాకు శేరే. నా కడుపు మండిందిమ్మే. వచ్చిన శేరు ఇంట్లోవాళ్ళకే చాలక రెండు దినాలైంది నేను తిని. ఇంటికొచ్చినాక మీ నాయనతో అంటి, నీ పెండ్లానికి మేస్త్రీ ఎందుకు ఎక్కువ కొలుస్తాండాడో అడుగు అని. అంతే అన్నా. ఇంగేం అనలేదు."

"ఆ మాట చాలు కదత్తా."

"చాలు. మీ నాయన ఆ జొన్నలు తీసి దాని మొగాన కొట్నాడు. వీధిలో అందరూ సూస్తాంటే జుట్టు పట్టి ఈడ్చినాడు. బిడ్డలతో సహా బయటికి నూకి గడియ పెట్నాడు. చంకలో బిడ్డ కూడా నాది కాదేమో అన్నాడు. రెండు రాత్రులు అరుగు మీదనే ఉండిరి మీరు. మీ యవ్వ లోపల ఉండాది. కొడుకుకు బయపడి తలుపు తీయలేదు. నేను మా ఇంట్లో ఉండా. పిలుచుకు రాలేదు."

మూడోరోజు పొద్దున్నే ఉరుకుందమ్మ ఇద్దరు పిల్లలనూ తీసుకుని చేని బావికి పోయింది. ఆ ఏడు బావిలో నీళ్ళు ఎక్కడివి! అడుగున బండే. పడ్డ చోటనే తల్లీ చిన్నదీ ఇద్దరూ పోయారు.

"ఇద్దరు పిల్లోల్ల తీస్కపోయింది అంటివి. మరి నేనో?"

"నీకు దూప అయిందని ఏడిస్తివంట. ఇంటికి పొయ్యి అవ్వనడిగి చెంబెడు నీళ్ళు తీస్కరా పో అని పంపిందంట. నువ్వొచ్చి తలుపు కొడితే మీ యవ్వే గడియ తీసి చెంబిచ్చింది. పాపం, తాగనీకే కదా అనుకొనింది. నువ్వు తిరిగి పోయేసరికి ఎవరూ లేరు. పొద్దు నెత్తికి వచ్చేదాకా ఆ చెంబు పట్టుకొని బావి గడ్డ మీద కూచోనుంటివి. గొర్లు కాసేటోడు చూసి అరిసినాడు."

రామేశ్వరమ్మ అప్పుడు కూర్చుంది. గుర్తు తెచ్చుకోవాలని చూసింది. బావి గుర్తు రాలేదు. చెంబు గుర్తు రాలేదు. తల్లి మొహం గాని, గుడ్డ మీద పడుకున్న చెల్లెలు గాని, ఏదీ రాలేదు.

"నన్ను బతకనీకి పంపిందా అత్తా? లేకుంటే నిజంగా నీళ్ళకేనా?"

"అది ఎవురికి తెలుసు తల్లీ!"

దూకి అని రాస్తే పోలీసులు వస్తారని, ఊరంతా కోర్టు చుట్టూ తిరగాలని పెద్దలు మునసబుకు చెప్పారట. అందుకని ఆయన 'పడి' అని రాశాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆ మాట ఎత్తకూడదనుకున్నారు. పిల్లకు తెలిస్తే బాధ అన్నారు. కరువులో జ్వరాలకు తక్కువేముంది, జ్వరం అని చెప్పారు. శివలీల అనే పిల్ల ఉన్నదనే మాటే లేకుండా చేశారు.

మహాదేవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రామేశ్వరమ్మ ఆమెను తిట్టలేదు, ఓదార్చలేదు. చిన్నప్పుడు ప్రతి పండక్కూ తనకు తలంటింది ఈ చేతులే. లేచి, బావి ఎక్కడుందని అడిగింది. పూడ్చేసి ఇరవై ఏళ్ళయిందని, పైన మిరపతోట వేశారని అత్త చెప్పింది. పోయి చూసింది. నల్లటి నీటి పైపులు, మోకాలెత్తు మొక్కలు. కలుపు తీస్తున్న ఆడమనిషి "ఎవరి ఇంటికి పోవల్లమ్మా?" అని అడిగింది. ఎవరింటికీ కాదని చెప్పి వచ్చేసింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. "ఇంత సేపాయ, కడుపు కాలుతాండాది" అన్నాడు తండ్రి. ఆమె సంగటి కెలికి, చింతాకు పప్పు వేసి, ముద్దలు చేసి పెట్టింది. ఆయన తినలేక తినలేక నమలడం చూసింది. ఏమీ అడగలేదు.

మర్నాడు కేంద్రంలో పిల్లలకు గుడ్డు చిదిమి పెడుతూ, "ఈ పిల్లకు ఎన్ని నెలలు?" అని టీచరును అడిగింది. పద్దెనిమిది అంది టీచరు. ఆ పిల్ల నోరు తెరిచి ఇంకో ముక్క కోసం ఎదురు చూస్తోంది. అన్నీ తెలుస్తాయి ఆ వయసుకు. ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులేస్తారు. కిందికి వంగితే భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఆమెకు ఆ రోజు అన్నం అడుగంటింది.

ఆదివారం తండ్రికి స్నానం చేయించింది. ఆయన స్టూలు మీద కూర్చుంటే వెనక నిలబడి వీపు తుడుస్తూ అడిగింది.

"శివలీల ఎవరు?"

చేతి కింద ఆ ఎముకల వీపు బిగుసుకుపోవడం తెలిసింది.

"మాదేవి చెప్పిందా?"

"పుస్తకంలో ఉండాది."

"రాసినాడా ఆ మునసబు! బిడ్డను రాయొద్దని కాళ్ళు పట్టుకొంటి."

ఏడుస్తాడేమో అనుకుంది. తప్పయిపోయిందంటాడేమో అనుకుంది. ఆయన గోడకేసి చూస్తూ, "దానికి పంతం శానా" అన్నాడు.

ఆమె తువ్వాలు ఆయన భుజం మీద పడేసి బయటికి పోయింది. తడి వంటితో ఆయనను వదిలేసిపోవడం పదహారేళ్ళలో అదే మొదటిసారి. వీధి కొళాయి దగ్గర నిలబడింది. బిందెలు నింపుకుంటున్న వాళ్ళు పలకరించారు. లోపల దగ్గు మొదలైంది. ఆగలేదు. పావుగంట తర్వాత పోయి, చొక్కా తొడిగి, మంచం మీద పడుకోబెట్టింది. ఆ రోజు నుంచి ఆయనను నాయనా అని పిలవడం మానేసింది. కావాలని మానలేదు, నోరు తిరగలేదు. అన్నం ముందు పెట్టి "తిను" అనేది. మందు చేతిలో పెట్టి "మింగు" అనేది.

ఆయనకు అది తెలిసింది. కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, ఆమె బియ్యం ఏరుతుంటే, మంచం మీద నుంచి తనే మొదలుపెట్టాడు.

"పాలిచ్చే తల్లులకి శేరున్నర."

ఆమె తలెత్తింది.

"సర్కారు రూలంట. పాలిచ్చే తల్లులందరికీ శేరున్నర కొలిచేదంట. వాళ్ళను మట్టి చేసిన నాలుగోనాడు మేస్త్రీయే ఇంటికొచ్చి చెప్పినాడు. బోదకాలు, ముసిలోడు. ఏడ్సినాడు. దానికొక్కదానికే కాదప్పా, ఇంగా తొమ్మిది మందికి అట్లనే కొలుస్తాండా అన్నాడు." ఊపిరి అందక ఆగాడు. "వారం తిరక్కుండా బేతంచెర్లకు పోతి. ఆ ఊళ్ళో ఉండలేక పోతి."

"మా యమ్మను అడిగింటే చెప్పేది కదా."

"చెప్పింది. అరుగు మీద నుంచి చెప్తానే ఉండె. నేను ఇనలేదు."

"మాట చెప్పనీకి యాభై ఏండ్లు పట్టిందా నీకు?"

"నువ్వు నెల నెలా నా కోసరం రోడ్డు మీదకి ఉరికి వస్తాంటివి. యాడ చెప్పను!"

ఆమె బియ్యం ఏరడం ముగించి, కడిగి, ఎసట్లో పోసింది. ఆ పొద్దు ఆయన ముద్ద ముట్టలేదు. మరుసటి పొద్దు తిన్నాడు. ఆకలి ఆకలే.

సర్టిఫికెట్ సెప్టెంబరులో వచ్చింది. పుట్టిన తేదీ 2-7-1969. ఆధార్ మారింది, ఉద్యోగం నిలబడింది. కాగితం తీసుకోవడానికి పోయినరోజే బసవరాజ్‌ను ఇంకో మాట అడిగింది. తల్లివీ చెల్లెలివీ మరణ సర్టిఫికెట్లు కూడా కావాలంది.

"ఇస్తారమ్మా. దేనికని రాయల్ల అర్జీలో? ఆస్తికా?"

"ఆస్తి యాడిదప్పా. నా దగ్గర ఉండనీకి."

అతను కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, 'స్వంత అవసరము నిమిత్తం' అని రాశాడు.

అక్టోబరు మొదట్లో పెద్దల అమావాస్య వచ్చింది. చనిపోయినవాళ్ళకు కొత్తబట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి, దండం పెట్టుకునే రోజు. రామేశ్వరమ్మ ఏటా తల్లికి ఒక చీరా రవికా పెడుతుంది. ఈసారి బజారులో అనంతయ్య బట్టలకొట్టుకు పోయి చీర తీసుకున్నాక, చిన్నపిల్లల గౌన్లు చూపించమంది. ఆమె మనవలు మగపిల్లలని ఆయనకు తెలుసు. అయినా ఏమీ అనకుండా డబ్బాలు దించాడు.

"పాపకు వయసెంతమ్మా?"

"ఏడాదిన్నర."

"రెండేళ్ళది తీస్కో. పిల్లలు బిరీన ఎదుగుతారు, రెండు పండగలకి వస్తాది."

"వద్దప్పా. ఏడాదిన్నరదే ఇయ్యి."

పసుపుపచ్చ గౌను, మెడ దగ్గర చిన్న ఎర్ర గుండీలు. అమావాస్య రోజు వాకిలి అలికి, గోడవారన పీట వేసి, మీద చీర పెట్టింది. చీర మీద గౌను పెట్టింది. అంత చిన్నపిల్లలకు పెద్దలలో చోటుండదని, అట్లా పెట్టకూడదని పక్కింటామె అంది. రామేశ్వరమ్మ పెట్టిన గౌను తీయలేదు. చెల్లెలికి ఏమిష్టమో తెలియదు కాబట్టి ఒక గుడ్డు ఉడకబెట్టి, చిదిమి, చిన్న గిన్నెలో పెట్టింది. జొన్నరొట్టెలు చేసింది. టెంకాయ కొట్టింది.

వీరభద్రప్ప మంచం మీద నుంచి అంతా చూస్తున్నాడు. ఏటా ఆమె ఆయనను రెక్క పట్టి తెచ్చి పీట ముందు దండం పెట్టించేది. ఈ ఏడు పిలవలేదు. ఆయన తనంతట తనే లేచి, గోడ పట్టుకుని, రెండుచోట్ల ఆగి, పీట దాకా వచ్చాడు. వంగబోతే ఆయాసం వచ్చింది. నిలబడే చేయి చాచి గౌను అంచు ముట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఆమెకు వినబడలేదు, అడగలేదు.

కాళ్ళు వణుకుతున్నాయి. పడిపోతాడనిపించి రెక్క పట్టుకుంది. మంచం దాకా నడిపించి, కూర్చోబెట్టి, రొట్టె తుంచి పప్పులో అద్ది నోటికి అందించింది.

"తిను" అంది.